ఖాళీ డబ్బా చేసిన గోధుమ బిస్కెట్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో మా బాయిలో ప్రతి మనిషికీ రెండు పేర్లు ఉండేవి. (గోదావరిఖని వైపు బొగ్గు గనిని బాయి అనే అంటాం. నీళ్ల బావి వేరు, మా బాయి వేరు.) మొదటిది అమ్మానాన్నలు పెట్టింది, హాజరు పుస్తకంలో భద్రంగా పడుకొని ఉంటుంది. రెండోది తోటివాళ్లు పెట్టింది. లోకంలో తిరిగేది అదే. ఈ రెండో పేరు ఎంత గట్టిదంటే, మనిషి రిటైరైన రోజున గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీ మీద అసలు పేరు సన్నగానూ, అది లావుగానూ అచ్చవుతుంది. మా దగ్గర 'కోడిపుంజు' అని పేరుపడ్డ పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. మనవరాలి పెళ్లికి శుభలేఖలు పంపితే, పేరు చదివి ఎవరో గుర్తుపట్టలేక సగం మంది రాలేదు. అలాంటి చోట నా రెండో పేరు నేను ఊడబెరుక్కున్నాను. ఇది గొప్ప చెప్పుకోవడమే, కాదనను. జీవితంలో నేను గెలిచినవి తక్కువ, గెలిచింది చెప్పుకోనివ్వండి.

నాన్నకు నడుము పోయి బాయి పనికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చాక ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. అమ్మా నాన్నా రామగిరి పక్కన ఊళ్లో ఉన్న రెండెకరాలు చూసుకోవడానికి వెళ్లిపోయారు. రెండు గదుల కంపెనీ క్వార్టర్‌లో నేను ఒక్కణ్ణే మిగిలాను. నాకు వంట రాదు. రాదంటే ఏదో వినయానికి చెప్పడం కాదు, చాయ్ పెడితే అది పొంగి పొయ్యి ఆరిపోయేది. పొద్దున ఫస్టు షిఫ్టుకి బయల్దేరేటప్పుడు రాత్రి హోటల్లో తిన్నది తప్ప కడుపులో ఏమీ ఉండేది కాదు. కింద, టిఫిన్ వేళకు, మా గ్యాంగు ఎనిమిది మందీ పాత పేపర్లు పరుచుకొని గుండ్రంగా కూర్చునేవాళ్లు. అందరి డబ్బాలూ మధ్యలోకి వచ్చేవి, మూతలు లేచేవి, ఇక ఎవరి కూర ఎవరిదో ఎవరికీ పట్టేది కాదు. చేతులూపుకుంటూ వెళ్లి కూర్చోవడానికి నాకు సిగ్గేసింది. అందుకని బజారుకు వెళ్లి ఒక స్టీలు డబ్బా కొన్నాను. దాన్ని రోజూ సంచిలో వేసుకొని దిగేవాణ్ణి, ఖాళీగా. మూతలు తీసే హడావుడిలో నా డబ్బాను తొడ చాటున పెట్టుకొని, మూత తీసినట్టు ఒక చప్పుడు చేసి, అందరితోపాటు చేయి చాపేవాణ్ణి. ఇరవై రోజులు నడిచింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా గ్యాంగు పెద్దను అందరం కాక అనేవాళ్లం. ఆయన పని పైకప్పు చూడడం. బొగ్గును మందుగుండు పెట్టి పేల్చాక, అక్కడికి అందరికన్నా ముందు కాక వెళ్తాడు. ఇనుప రాడ్డుతో పైకప్పును తడతాడు, తల వంచి వింటాడు. ఖంగుమంటే గట్టిది, కింద నిలబడి పని చేసుకోవచ్చు. డొల్లగా మోగితే లోపల పగులు ఉన్నట్టు. ఎప్పుడైనా ఊడి నెత్తిన పడొచ్చు, కాబట్టి ముందు కర్ర దిమ్మెలు నిలబెట్టాలి. ముప్పై ఏళ్లకు పైగా అలా విని విని, కాకకు ఏది కనబడితే అది తట్టడం అలవాటైపోయింది. పుచ్చకాయ తట్టేవాడు, అది సరే. కొత్త చెప్పులు తట్టేవాడు, కుర్చీ తట్టి కూర్చునేవాడు. మా పై అధికారి ఓవర్‌మేన్ కొత్త హెల్మెట్ పెట్టుకొస్తే అది నెత్తిన ఉండగానే తట్టి, ఏమీ అనకుండా తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. (ఓవర్‌మేన్ ఆ రోజంతా హెల్మెట్ తీసి లోపల చూసుకుంటూనే ఉన్నాడు.) అలాంటి మనిషి పక్కన కూర్చొని నేను ఇరవై రోజులు ఖాళీ డబ్బా నడిపించానంటే అది నా అదృష్టం, అంతే.

ఇరవై ఒకటో రోజున ఊరగాయ కోసం చేయి చాపిన కాకకు నా డబ్బా అడ్డొచ్చింది. చేతిలోకి తీసుకున్నాడు. వేలితో తట్టాడు. అది ఠంగుమంది. చెవి దగ్గర పెట్టుకొని ఇంకోసారి తట్టాడు.

"ఏంరా, దీంట్ల ఏమున్నది?" అన్నాడు.

"అన్నం, కాక."

"అన్నమైతే గిట్ల మోగదు. మూత తియ్యి."

తీశాను. ఎనిమిది క్యాప్ ల్యాంపుల వెలుతురు ఒక్కసారి ఆ డబ్బాలో పడింది. అంత ఖాళీ డబ్బాను అంత వెలుతురులో నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

"పాపం, బాయిల మనకు గాలి సరిపోతలేదని పైనుంచి మోసుకొచ్చిండు," అన్నాడు కాక. నవ్వులు ఆగాక నా చేతిలో ఒక జొన్న రొట్టె పెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు: "తిను. తినద్దని ఎవడన్నడు? నీకు వండేటోళ్లు లేరు, మాకెర్కే. గానీ, లేనిది ఉన్నట్టు చూపెట్టకు. బాయిల గది మంచిది కాదు."

ఆ మాట నేను మరిచిపోలేదు. ఆ నవ్వుల మధ్య ఆయన పెట్టిన పేరును మిగతావాళ్లు మరిచిపోలేదు. ఆ రోజు నేను పైకి వచ్చేసరికి 'ఖాళీ డబ్బా' నాకన్నా ముందే పైకి చేరుకుంది. ల్యాంపు రూములో ఖాళీ డబ్బా, క్యాంటీన్లో ఖాళీ డబ్బా, సెలవు చీటీ పట్టుకుపోతే గుమస్తా కూడా 'ఖాళీ డబ్బానా, ఎన్ని రోజులు?' అనేవాడు. నిజంగానే డబ్బాలో అటుకులో, అరటిపండో తీసుకెళ్లడం మొదలుపెట్టినా లాభం లేకపోయింది. మొదట్లో నేనూ నవ్వేశాను. మూడో ఏడు కాబోలు, అమ్మ ఊరి నుంచి వచ్చి, క్వార్టర్‌కు తాళం ఉంటే గేటు దగ్గరికి వచ్చి, నా పేరు చెప్పి అడిగిందట. "గట్లాంటోడు ఎవరు లేరవ్వా" అన్నారు. ఫలానా ఆయన కొడుకు, సన్నగా ఉంటాడు, ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటుంది అని గుర్తులన్నీ చెప్పాక, "ఓ, మన ఖాళీ డబ్బనా. గది ముందుగాల చెప్పాలె గద" అని నన్ను పిలుచుకొచ్చారు. అమ్మ దారి పొడుగునా నాకన్నా నాలుగడుగులు ముందే నడిచింది. సాయంత్రం బస్సెక్కే ముందు మాత్రం ఒక్క మాట అంది. "నీకు పెట్టింది మీ తాత పేరురా, బిడ్డా. అడిగినోళ్లకు అన్నం పెట్టకుంట పంపకపోతుండె ఆయన."

ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు. పేరు వదిలించుకోవాలి. కానీ మా బాయిలో దానికి ఒక కట్టుబాటు ఉంది: పేరు పెట్టినవాడే, బాయిలో, గ్యాంగు ముందే తీయాలి. కాక అప్పటికి రెండు పేర్లు తీసేసిన చరిత్ర ఉన్నవాడు, అడిగితే ఏమంటాడో గాని, అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అంతలో కాక రిటైర్మెంటు వచ్చేసింది. నెలాఖరుకు ఉద్యోగం దిగిపోతాడని తెలిసిన రోజున, మా గ్యాంగులో నాకు వరసకు బావ అయ్యేవాడు ఒకడు, నా భుజం మీద చేయి వేసి మరీ ఓదార్చాడు. "కాక పోయిండంటే ఇగ నీకు చచ్చేదాక అదే పేరు. ఫికర్ చెయ్యకు, అలవాటైతది." చేతిలో పది రోజులు ఉన్నాయి.

నేను ఆలోచించాను. డబ్బాతో పోయిన పరువు డబ్బాతోనే రావాలి. అన్నం, కూర అందరూ తెచ్చేవే. కాక బలహీనత ఒకటి నాకు తెలుసు: గోధుమపిండి తీపి బిస్కెట్లు. నూనెలో వేయించినవి, యాలకుల వాసన వచ్చేవి, కొరికితే కటుక్కుమనేవి. సోమవారం సోమవారం కాక ఇంటి నుంచి వచ్చేవి. ఆయన ఒక్కొక్కటీ గోటితో తట్టి, మోగినవే మనిషికి ఒకటి చొప్పున ఇచ్చేవాడు. మోగనివాటిని తానే తినేసేవాడు. (చివరికి ఆయన వాటాయే ఎక్కువ అయ్యేది, ఎవరూ లెక్క అడిగేవాళ్లు కాదు.) బేకరీలో కొని డబ్బాలో పోసుకుపోవడం తేలిక. కానీ అది మళ్లీ లేనిది ఉన్నట్టు చూపించడమే, అది ఆయన చెవికి తెలిసిపోతుంది. కాబట్టి నా చేత్తో నేనే చెయ్యాలి. ఈ మాట బావతో అంటే, వాడు కూర్చున్న మెట్టు మీద నుంచి లేచి నిలబడి నవ్వాడు. "చాయ్ కాచుడు రాదు, నువ్వు బిస్కెట్లు చేస్తవా?"

పక్క క్వార్టర్‌లో గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. భర్త కంపెనీ ఆఫీసులో గుమస్తా. నన్ను 'మీరు' అని, 'అండి' అని పిలిచిన మొదటి మనిషి ఆవిడే. అలా పిలిచినప్పుడల్లా నాకు లేచి నిలబడాలనిపించేది. గోడ మీద నుంచి సిగ్గుపడుతూ అడిగితే, తయారీ అంతా చెప్పింది. "కిలో పిండికి అరకిలో పంచదార పొడి కొట్టుకోండి తమ్ముడూ. నెయ్యి కాచి పిండిలో పోసి బాగా కలిపి, పిడికిలి బిగించి చూడండి. ముద్ద విడిపోకుండా నిలబడితే నెయ్యి సరిపోయినట్టు. పాలు చిలకరించి గట్టిగా కలపాలి. ఎక్కువ పోయకండేం." నేను బుద్ధిగా తల ఊపాను. ఆ ఆదివారం పాలు ఎక్కువే పోశాను. పిండి జారింది. పిండి వేశాను, బిగుసుకుపోయింది. పాలు పోశాను. అలా కిలో పిండి కిలోన్నర అయి, ఇంట్లో ఉన్న పెద్ద గిన్నె చాలక సగం బకెట్లోకి వెళ్లింది. (కొత్త బకెట్టే, నమ్మండి.)

ఒత్తడం మాత్రం బాగా వచ్చింది. చేతుల్లో బలం ఉంది, తట్టల కొద్దీ బొగ్గు ఎత్తిన చేతులు. ఒత్తిన రొట్టెను కత్తితో కోస్తుంటే గని మ్యాపు కళ్ల ముందు కదిలింది. అడ్డంగా లెవల్లు, ఏటవాలుగా దారులు, కప్పు ఆగడానికి మధ్యలో వదిలేసిన బొగ్గు పిల్లర్లు. పీట మీద మా బాయి మొత్తం కోసేశాను. ఒక మూల పిల్లరు చిన్నదైతే, ఇక్కడ కప్పు కూలుతుంది అని కాసేపు దిగులు కూడా పడ్డాను. పెరట్లో పాత బొగ్గు పొయ్యి ఉంది, పెద్ద మూకుడు దాని మీదే ఆగుతుంది. బొగ్గు నాకు కొత్తా? ధారాళంగా వేసి రాజేశాను. మొదటి వాయి నూనెలో పడి, ఎర్రబడి, పళ్లెంలోకి వచ్చింది. ఒకటి చేతిలోకి తీసుకొని (వేళ్లు కాలాయి, లెక్క చేయలేదు) చెవి దగ్గర పెట్టుకొని, అచ్చం కాకలాగే గోటితో తట్టాను.

చప్పుడు లేదు. మెత్తగా ఉంది. పచ్చి. నేను మూడేళ్లు బాయిలో పనిచేసినవాణ్ణి, మోగనిదాన్ని నమ్ముతానా? మళ్లీ నూనెలో వేశాను. తీశాను, తట్టాను. మోగలేదు. మళ్లీ వేశాను. మూడోసారి తీసేసరికి అవి గోధుమ రంగు దాటి, ఇటుక రంగు దాటి, నాకు బాగా పరిచయమైన రంగుకు వచ్చాయి. అప్పుడు మోగాయి. ఎంత బాగా మోగాయంటే, నేను సంతోషపడి మిగతా వాయిలన్నీ అదే పద్ధతిలో మోగేదాకా వేయించాను.

"తమ్ముడూ, ఏదో మాడుతోందండీ," అంది అక్క గోడ అవతల నుంచి.

"బిస్కెట్లే అక్క. ఇంక జెర గట్టిపడాలె."

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పళ్లెం చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకటి తీసి విరవబోయింది, విరగలేదు. రాతి గట్టుకేసి కొట్టింది. గట్టు మీద నల్లటి గీత పడింది. నేను తట్టి చూసే పరీక్ష గురించి వివరించాక ఆవిడ నవ్వు ఆపుకొని, చాలా మర్యాదగా చెప్పింది. "వేడి మీద అవి మెత్తగానే ఉంటాయండి. చల్లారాకే కరకరలాడతాయి. తీసి పక్కన పెట్టి, కాసేపు ఊరుకోవాలి. అంతే."

నేను నెత్తి పట్టుకున్నాను. కింద మందుగుండు పేల్చాక పొగ పోయేదాకా అరగంట అటువైపు అడుగు పెట్టకూడదని, ఆ తర్వాతే కప్పు తట్టాలని, చేరిన నెలంతా నాకు నూరిపోశారు. కాక నా చొక్కా వెనక నుంచి పట్టుకొని ఆపిన రోజులున్నాయి. అవన్నీ బాయిలోకే అనుకున్నాను గాని, మూకుడు దాకా వస్తాయని అనుకోలేదు. సాయంత్రం బావ వచ్చి ఆ బిస్కెట్లను ఒకటొకటే కింద పడేసి చప్పుడు విన్నాడు. నాలుగు జేబులో వేసుకున్నాడు. తినడానికి కాదు, వాళ్ల ఇంటి తలుపు గాలికి కొట్టుకుంటోందట. అవి రెండేళ్లు పనిచేశాయని తర్వాత చెప్పాడు.

నెలాఖరుకు ముందు రోజు, షిఫ్టు దిగి నాలుగింటికే ఇల్లు చేరాను. ఇది పోతే ఇక లేదు. పాలు చెంచాతో కొలిచి చిలకరించాను. పిడికిలి బిగించి చూస్తే ముద్ద నిలబడింది. నిప్పుల మీద బూడిద కప్పితే సెగ తగ్గుతుందని అక్క చెప్పింది; పగలల్లా బొగ్గు తీసేవాడికి ఆ సంగతి ఒక గుమస్తా భార్య చెప్పాల్సి వచ్చింది. చిన్న సెగ మీద, గరిటెతో తిప్పుతూ, లేత ఎరుపు రాగానే తీసి పళ్లెంలో పరిచి, గడియారం చూసుకొని అరగంట చేతులు కట్టుకు కూర్చున్నాను. బాయిలో కూడా అంత బుద్ధిగా ఎప్పుడూ కూర్చోలేదు. తర్వాత ఒకటి తీసి తట్టాను. కటక్. ఇంకోటి. కటక్. నోట్లో వేసుకుంటే విరిగి, కరిగి, యాలకుల వాసన ముక్కుదాకా వచ్చింది. పెరట్లో ఒక్కణ్ణే నిలబడి గట్టిగా నవ్వాను. గడియారం మీదే చూపు పెట్టడం వల్ల మూకుట్లో మరిచిపోయిన ఒక్కటి మాత్రం నల్లబడింది. పారేయడానికి చేతులు రాలేదు. నేను తినొచ్చులే అని డబ్బా అడుగున పెట్టి, పైన మిగతావి సర్దాను.

మర్నాడు ల్యాంపు రూములో పిడుగులాంటి మాట. "కాక ఇయ్యాల దిగడు. రిటైరయ్యేటోన్ని ఆఖరి రోజు కింద పని చెయ్యనియ్యరు. పైన ఆఫీసుల కాయితాలు, దండలు," అన్నాడు బావ. నా చేతిలో డబ్బా బరువుగా ఉంది, మొదటిసారి. నేను బయటికి వచ్చేసరికి షిఫ్టు అయిపోతుంది, కాక ఊరేగింపులో ఇల్లు చేరిపోతాడు. ఆ పూట ఎలా పనిచేశానో గుర్తు లేదు. టిఫిన్ వేళకు పేపర్లు పరిచారు. ఏడుగురమే. డబ్బాల మూతలు లేచాయి. నేను నా మూత మీద చేయి పెట్టుకొని కూర్చున్నాను, తీయబుద్ధి కాలేదు.

అప్పుడు దారి చివర ఒక దీపం కనబడింది. మెల్లగా, కొంచెం కుడికి ఒరుగుతూ వస్తోంది. ఆ నడక మాకందరికీ తెలుసు. మేనేజరును బతిమాలి ఒక్క గంటకు దిగొచ్చాడు కాక, మెడలో అప్పుడే వేసిన బంతిపూల దండతో సహా. "పైన స్వీటు డబ్బ ఇచ్చిన్రు. గది మీతోని తినకపోతె నాకు అరుగుతదా?" అని తన చోట తాను కూర్చున్నాడు. కూర్చుంటూనే అలవాటు కొద్దీ నా డబ్బా తీసుకొని వేలితో తట్టాడు. మోగలేదు. నా వైపు చూశాడు. మూత తీశాడు.

కాక ఒక బిస్కెట్ తీసి, చెవి దగ్గర పెట్టుకొని గోటితో కొట్టాడు. కటక్. కొరికాడు. కళ్లు మూసుకొని నమిలాడు. ఇంకోటి తీసుకున్నాడు. మూడోది తీసుకున్నాక అడిగాడు.

"ఎవరు చేసిన్రు?"

"నేనే, కాక."

"నువ్వా? పక్కింటి అక్క చేసిచ్చి ఉంటది. మళ్ల లేనిది ఉన్నట్టు చూపెడుతున్నవా?"

కాలిన వేళ్లు చూపించాను. బాయి పనిలో వేళ్లు కాలనివాడెవడు, కమలనివాడెవడు? ఆయన నమ్మలేదు. డబ్బాలో చేయి పెట్టి అడుగు దాకా వెతికాడు. చేయి బయటికి వచ్చినప్పుడు వేళ్ల మధ్య నల్లటి బిస్కెట్ ఉంది. దీపం దగ్గర పెట్టి, ఇటూ అటూ తిప్పి చూశాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. (అప్పటికే చాలా లోతులో ఉన్నాం, అది వేరే సంగతి.)

"అక్క చేస్తే గిది డబ్బల ఎయ్యదు," అన్నాడు కాక మిగతావాళ్ల వైపు తిరిగి. "గిట్ల మాడ్చి, మాడిందాన్ని గూడ పారెయ్యకుంట పట్టుకొచ్చేటోడు మన గ్యాంగుల ఒక్కడే ఉన్నడు. వీడే చేసిండు. వీడే." ఆ నల్లదాన్ని కూడా నోట్లో వేసుకొని నమిలాడు. తర్వాత మనిషికి రెండు చొప్పున పంచమని డబ్బా బావ చేతికిచ్చాడు. అడగకుండానే మూడోది తీసుకుంది బావే. తలుపు సంగతి ఎత్తలేదు.

అప్పుడే కాక ఎవరినో పిలిచాడు. తాపీగా, సాగదీసి, మర్యాదగా. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక చీకటి తప్ప ఎవరూ లేరు. మళ్లీ పిలిచాడు. కొత్తగా ఎవరైనా దిగారేమోనని ఈసారి పక్క దారిలోకి కూడా లైటు వేసి చూశాను. బావ మోచేత్తో పొడిచాడు. "నిన్నేరా," అన్నాడు. "నీ పేరే గద అది."

ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్లు నన్ను ఆ పేరుతోనే పిలుస్తారు, చివర అన్న అని తగిలిస్తారు. ఒక్క పిలుపుకే పలుకుతాను. ఒక్కోసారి మాత్రం, పళ్లెం ముందు చేతులు కట్టుకొని గడియారం వైపు చూస్తూ కూర్చున్న ఆ సన్నటి కుర్రాడు గుర్తొస్తాడు. తాత పేరును తాను తిరిగి తెచ్చుకోవడానికి కిలోన్నర పిండి నాశనం చేసినవాడు. ఎదురుపడితే, అంత అవస్థ పడక్కర్లేదురా, కాకను నోరు తెరిచి అడిగితే నవ్వుతూ తీసేసేవాడే అని చెప్పొచ్చు. చెప్పను. ఆ రోజు కింద, నోటినిండా బిస్కెట్‌తో, కళ్లలో నీళ్లతో, "ఆఁ కాక" అని పలికిన సుఖం వాడికి దక్కాల్సిందే.